చిరగని పట్టీలు

పుస్తకాలు మోసే చిన్న లిఫ్టు పై అంతస్తు నుంచి దిగుతుంటే ఎవరో పెద్దాయన మోకాళ్లు పట్టుకుని గొణుక్కుంటూ మెట్లు దిగుతున్నట్టు ఉంటుంది. మంగళవారం ఉదయం అది దిగి ఆగాక తలుపు తీస్తే లోపల పుస్తకాల్లేవు. ఒక్క కాగితం ఉంది. ఎగిరిపోకుండా దాని మీద ఎవరో రబ్బరు స్టాంపు పెట్టారు.

దారాలక్క ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. మూడు వారాల కిందట తను పంపిన నోటీసే. 'మీరు కోరిన పుస్తకం వేరే గ్రంథాలయం నుంచి వచ్చింది. రుసుము చెల్లించి తీసుకోగలరు' అన్న అచ్చు వాక్యం, దాని కింద ఆమె చేత్తో రాసిన పాఠకుడి నంబరు, 418. తిరగేసింది. ఎడమ వైపుకి వాలిన చిన్న అక్షరాలు. చదవకముందే అవి ఎవరివో తెలిసిపోయింది.

'ఇంతకు ముందు లేని రుసుము ఇప్పుడు ఎందుకో చెప్పగలరా? కోపంతో అడగడం లేదు. తెలుసుకోవాలని.'

పక్కన గ్రంథాలయం పెద్ద మేడమ్ ఎర్ర సిరాతో రాసింది: 'జవాబు మీరే రాయండి. ఈ పని మీకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. నోటీసు బోర్డులో కూడా పెడదాం. శుక్రవారం లోగా.'

దారాలక్క కాగితం మడిచింది, విప్పింది, మళ్లీ అవే మడతల మీద మడిచింది. కిటికీ బయట రోడ్డు ఆమె తల ఎత్తున ఉంటుంది. ఆ నేలగదిలోంచి మనుషులు మోకాళ్ల వరకే కనపడతారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెప్పులు, బూట్లు, సైకిలు చక్రాలు. ఆమె వెనక గుమ్మంలోంచి ఎనిమిదింటికి వస్తుంది, నాలుగింటికి అదే గుమ్మంలోంచి వెళ్లిపోతుంది. పైన హాల్లోకి వెళ్లాల్సిన పని ఎప్పుడూ పడలేదు. పడకుండా తనూ చూసుకుంది.

వేరే గ్రంథాలయాల నుంచి వచ్చే పార్సిళ్లు ఆమె విప్పుతుంది. అందరూ కత్తెరతో కోసేసే చోట ఆమె గోటితో ముడి వదులు చేసి, దారం వేళ్లకి చుట్టి, ఉండ కట్టి మేకుకి తగిలిస్తుంది. మేకుల మీద అలాంటి ఉండలు ఇప్పుడు నలభై దాకా ఉన్నాయి. ఆ పేరు అలా వచ్చిందే. వచ్చిన ప్రతి పుస్తకానికీ మూడు వేళ్ల వెడల్పు కాగితపు పట్టీ కొలిచి, పై నుంచి కిందికి చుట్టి, వెనక జిగురు పెడుతుంది. దాని మీద పాఠకుడి నంబరు, పుస్తకం వచ్చిన చోటు, తిరిగి పంపాల్సిన తేదీ గుండ్రటి అక్షరాలతో రాస్తుంది. అడుగున ఎర్రగా, 'ఈ పట్టీ చించరాదు.' పాఠకుడు పుస్తకాన్ని ఇంటికి తీసుకెళ్లేటప్పుడు పైన కౌంటర్లో ఉన్నవాళ్లే దాన్ని సగానికి చించి ఒక ముక్క ఉంచుకోవాలి. కనుక గడువు తీరి పుస్తకం కిందికి దిగినప్పుడు పట్టీ చిరిగి ఉంటే ఎవరో చదివినట్టు. చిరక్కపోతే ఊరికే వచ్చి ఊరికే పోతున్నట్టు.

గోడకి ఆనించిన చెక్క షెల్ఫుకి కొత్తగా ఒక చీటీ అంటించి ఉంది. 'రుసుము రావలసినవి.' ఆ అరలో ఒక్కటే పుస్తకం, నదులు గడ్డకట్టే తీరు గురించి. 418 అడిగినదే. తిరిగి పంపాల్సిన తేదీ శుక్రవారం.

ఎనిమిది నెలలుగా ఆ మనిషి మంచు గురించే అడుగుతున్నాడు. మంచుగడ్డలు కోసి అమ్మేవాళ్ల గురించి ఒకటి, కొండచరియల మీంచి మంచు విరిగిపడటం గురించి ఒకటి, చలిలో జంతువులు ఎలా నిద్రపోతాయో ఒకటి. అభ్యర్థన చీటీలో 'కారణం' అని ఒక గడి ఉంటుంది. దాన్ని ఎవరూ నింపరు. 418 మాత్రం ప్రతిసారీ నింపుతాడు. 'తెలుసుకోవాలని.' ఆ గడి చూసినప్పుడల్లా దారాలక్కకి ఎదురుగా ఎవరో కుర్చీ జరుపుకుని కూర్చున్నట్టు ఉండేది. పొడుగ్గా, కొంచెం వంగి, చేతులు వెనక్కి కట్టుకుని నడిచే రిటైరైన మాస్టారు అనుకుంది. అనుకోగా అనుకోగా ఆయనకి దగ్గు కూడా వచ్చింది, చలికోటు కూడా వచ్చింది.

రుసుము మొదలైన దగ్గర్నుంచి కొత్త చీటీ రాలేదు. ఇదిగో, ఈ ప్రశ్న వచ్చింది.

*

అన్నయ్య ఇంట్లో ఆమెది బట్టలారేసే వరండాకి తలుపులు పెట్టించి చేసిన గది. మంచం వేస్తే మనిషి నిలబడే చోటు మిగులుతుంది. ఎవరూ ఆమెని ఒక్క మాట అనరు. ఆమె వచ్చేసరికి టీ ఫ్లాస్కులో ఉంటుంది, వాళ్లిద్దరూ తాగేసి ఉంటారు.

"ఇదిగో, నీ చీటీలతో నేను పడలేకపోతున్నానే తల్లీ," అంది వదిన సంచిలోంచి కూరగాయలు తీస్తూ. "ఉల్లిపాయలు అని రాసి పక్కన నూటపన్నెండు అంకె వేస్తే ఏమనుకోవాలి? కొట్టువాడు నన్ను కిందా మీదా చూసి, హోటలేమైనా పెట్టారా అక్కా అన్నాడు."

"ఆ అంకె నేను వెయ్యలేదు వదినా. పట్టీ మీద ముందే ఉంటుంది. కౌంటర్లో వాళ్లు ఏదో గీకుతుంటారు."

వాడేసిన పట్టీలు పారెయ్యడం ఆమెకి చేతకాదు. లోపలి వైపు తెల్లగా ఉంటుంది కదా అని కట్ట కట్టి ఇంటికి తెస్తుంది. ఆ ఇంట్లో సామాన్ల జాబితాలన్నీ వాటి మీదే.

"ఎలా ఉన్నాడు నీ నాలుగువందల పద్దెనిమిది?" వదిన కళ్లు చికిలించింది. ఎప్పుడో ఒకసారి నోరు జారినందుకు ఇది రోజూ ఉండేదే.

"పుస్తకాలు అడగడం మానేశాడు."

"అలిగాడేమో. నువ్వేమన్నా అన్నావా?"

దారాలక్క ఫ్లాస్కు మూత తిప్పి గ్లాసులో టీ పోసుకుంది.

"ఎవరు అలిగింది?" అన్నాడు అన్నయ్య టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"మనింటికి రావలసిన పెళ్లికొడుకు. నంబరు తెలిసింది, ఇంటిపేరే తెలీలేదు," అంది వదిన. ఇద్దరూ నవ్వారు. మంచి నవ్వే అది. ఆమె కూడా నవ్వి, గ్లాసు పట్టుకుని తన గదిలోకి వెళ్లి, టీ చల్లారేదాకా మంచం అంచు మీద కూర్చుంది.

*

బుధవారం జవాబు రాయడానికి కూర్చుంది. చిత్తు కాగితం మీద గీత గీసి మొదలుపెట్టింది. పుస్తకం ఎక్కడ ఉందో వెతకడానికి పట్టే సమయం. అట్ట, గుడ్డ, దారం. రానూ పోనూ పోస్టు ఖర్చు. పంపే గ్రంథాలయం వాళ్లు వేసే ఛార్జీ. దారిలో తడిసినా పోయినా కట్టాల్సిన నష్టం. రాస్తుంటే కలం బాగానే నడిచింది. ఈ పని గురించి తనని ఎవరైనా అడగడం ఇదే మొదటిసారి. సగం పేజీ నిండాక ఆగి చదువుకుంది. అంతా నిజమే. అంతా సబబే.

కానీ ఆ మనిషి అడిగింది ఇది కాదు. ఇంతకు ముందు లేనిది ఇప్పుడు ఎందుకు అని అడిగాడు. పోస్టు ముందూ ఉంది, దారం ముందూ ఉంది. నష్టాలు ముందూ ఉన్నాయి. అవన్నీ గ్రంథాలయమే భరించింది. కొత్తగా వచ్చిందేమిటి?

ఏమిటో ఆమెకు తెలుసు. తెలిసే ఈ సగం పేజీ రాసింది. లేచి రిజిస్టరు తీసింది. ఆరు నెలల్లో వచ్చిన పుస్తకాలు అరవై రెండు. పట్టీ చిరగకుండా తిరిగి వెళ్లినవి ముప్ఫై తొమ్మిది. దాని కింద, ఎవరూ నింపని 'రిమార్కులు' అనే చోట, ఆమె గుండ్రటి అక్షరాలు: 'తెప్పించుకుని ముట్టుకోనివారికి పుస్తకం విలువ తెలియాలంటే ఎంతో కొంత రుసుము ఉండాలి.'

ఆ వాక్యాన్ని పెద్ద మేడమ్ కమిటీ ముందు చదివింది. ఒక్క అక్షరం మార్చకుండా సర్క్యులర్‌లో వేసింది. అప్పుడు దారాలక్క ఆ సర్క్యులర్ కాపీ ఒకటి ఇంటికి పట్టుకెళ్లి, ఎవరికీ చూపించకుండా, దిండు కింద పెట్టుకుంది.

రిజిస్టరులో ఆ రిమార్కు రాసిన తేదీ మీద వేలు పెట్టింది. తొమ్మిదో పుస్తకం తిరిగొచ్చిన రోజది. 418 ఆ ఆరు నెలల్లో అడిగినవి తొమ్మిది. తొమ్మిదీ పట్టీ చిరగకుండానే దిగాయి. మొదటిసారి చూసినప్పుడు జబ్బు చేసిందేమో అనుకుంది. మూడోసారి ఊరు వెళ్లాడేమో అనుకుంది. తొమ్మిదోసారి లిఫ్టు తలుపు తీసి, తను వేసిన పట్టీ వేసినట్టే బిగుతుగా ఉండటం చూసి, ముఖం మీద తలుపు వేసినట్టయి, కలం తీసింది. మిగతా ముప్ఫై పుస్తకాల వాళ్లనీ వదిలేసి ఆ ఒక్క మనిషితో పోట్లాడింది. పోట్లాటకి రిమార్కుల గడి దొరికింది.

సరే, కోపంతో రాసినా రాసింది అబద్ధం కాదు కదా. అంకెలు ఉన్నాయి కదా. అలా అనుకుని కొత్త కాగితం తీసి, ఈసారి నేరుగా రాద్దామని పైన 'అయ్యా' అని పెట్టింది. పెట్టి ఆగింది. కార్డు నంబరు తప్ప ఏమీ తెలియదు. అయ్యా కాకపోతే?

*

గురువారం నాలుగయినా ఆమె వెనక గుమ్మం వైపు వెళ్లలేదు. సంచి భుజాన వేసుకుని, గోడ పట్టుకుని, లోపలి మెట్లెక్కింది. ఇరవై రెండు మెట్లు. పైకి వచ్చేసరికి వెలుతురు కళ్లలో గుచ్చుకుంది. ఇంత పెద్ద కిటికీలు ఉంటాయని మరిచిపోయింది.

హాలు బాబాయ్ తలుపు పక్క బల్ల దగ్గర పెన్సిళ్లు చెక్కుతున్నాడు. మూడింటి నుంచి ఎనిమిదింటి దాకా హాలు ఆయనదే. మోకాళ్ల నొప్పులతో ఆయన కిందికి దిగడు, కనుక వాళ్లిద్దరి పరిచయం లిఫ్టు గొట్టంలోంచి కేకలు వేసుకోవడం వరకే.

"ఎవరూ? దారాలేనా?" కళ్లద్దాలు పైకి నెట్టాడు. "సూర్యుడు ఎటు పొడిచాడమ్మా ఇవాళ! నీకు కాళ్లు కూడా ఉన్నాయన్నమాట. నేను గొంతు ఒక్కటే అనుకున్నా."

"నీకు తలకాయ కూడా ఉందిలే బాబాయ్, నేనూ ఇవాళే చూశా. ఒక మాట చెప్పు. నాలుగువందల పద్దెనిమిది మగవాళ్లా, ఆడవాళ్లా?"

"అదేం ప్రశ్న?"

"ఉత్తరం రాయాలి. అయ్యా అనాలో అమ్మా అనాలో తెలియట్లేదు."

"ఆ మంచు పుస్తకాల ఆవిడేగా? ఆడమనిషే. ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ పని. చేతులు చూడాలి, మోచేతుల దాకా కాలిన మచ్చలే. ఆ ఆవిర్లో పొద్దున్నుంచి నిలబడి ఇక్కడికొచ్చి మంచు గురించి చదువుతుంది. నేనడిగా ఒకసారి, ఏమ్మా చల్లబడుతున్నావా అని. నవ్వింది." చెక్కిన పెన్సిల్ మొన మీద ఊదాడు. "అదిగో, ఆ తెరుచుకోని కిటికీ పక్క కుర్చీ. అయిదున్నరకి వచ్చేది, ఏడున్నర దాకా తల ఎత్తేది కాదు. ఇప్పుడు రావట్లేదు."

మాస్టారు, దగ్గు, చలికోటు అన్నీ ఒక్కసారిగా పోయాయి. వాటికి బాధపడే తీరిక దారాలక్కకి లేకపోయింది.

"చదివేదా?"

"మరి? కునకడానికి వస్తుందా ఇంతదూరం?"

"వేరే గ్రంథాలయం నుంచి వచ్చినవేనా? నేను పట్టీ వేసి పంపినవేనా?"

"అవే."

"ఒక్కటీ చిరగలేదు బాబాయ్. తొమ్మిది పుస్తకాలు."

హాలు బాబాయ్ ముఖం వెలిగిపోయింది. "అదీ! గమనించావా?" బల్ల వెనక షెల్ఫులోంచి ఒక పుస్తకం తీశాడు. ఎడమ చేత్తో అట్టలు అదిమి, కుడి బొటనవేలు పట్టీ కిందికి దూర్చి, ఒడుపుగా, పిల్ల వేలి నుంచి ఉంగరం తీసినట్టు కిందికి లాగాడు. పట్టీ పట్టీలాగే గుండ్రంగా ఊడి బల్ల మీద నిలబడింది. "చూశావా? చివర కాస్త తడి వేలు. అంతే. వచ్చినవాళ్లందరికీ నేనే నేర్పా. చించరాదు అని ఎర్రగా రాస్తివి. అచ్చు గుద్దినట్టు రాస్తావు, కొలిచి మడుస్తావు. కింద ఒకావిడ ఉంది, కష్టపడి వేస్తుంది, పాడు చెయ్యకండయ్యా అని చెప్తా. అందరూ ఎంత జాగ్రత్తగా తీస్తారో. వెళ్లేటప్పుడు మళ్లీ తొడిగేసి వెళ్తారు. పేజీ గుర్తుకి మూల మడవకుండా పట్టీ లోపల అంకె వేసుకోమంటా. పరాయి పుస్తకాలు కదా."

దారాలక్క బల్ల మీది పట్టీని వేలితో ముట్టుకుంది.

"మరి వీళ్లంతా ఇంటికి ఎందుకు తీసుకెళ్లరు?"

"ఇంటికెలా తీసుకెళ్తారమ్మా? హామీ సంతకం కావాలి, సొంత ఇంటి అడ్రసు కావాలి. ఆవిడ లాండ్రీ వెనక ఎనిమిదిమందితో ఒక్క గదిలో ఉంటుంది. ఇక్కడే చదువుకుంటారు."

"హాల్లో చదివితే చీటీ రాయించుకోవాలి కదా. ఆ చీటీలు నాకు రావాలి."

"నా కళ్లెదురుగా కూర్చున్నవాళ్లకి చీటీ ఏంటి..." అని మొదలుపెట్టి ఆయన ఆమె ముఖం చూశాడు. మాట నెమ్మదించింది. "ఎందుకమ్మా? ఏమయింది?"

"పట్టీ చిరక్కపోతే ఎవరూ ముట్టుకోలేదని రాశాను. దాన్ని బట్టే ఫీజు పెట్టారు."

హాల్లో ఎవరో పేజీ తిప్పారు. హాలు బాబాయ్ పట్టీని పుస్తకానికి తొడిగాడు. వంకరగా వచ్చింది. తీసి మళ్లీ తొడిగాడు. చేసి చేసి అలవాటైన ఆ చేతులు మూడోసారికి గానీ సరిగ్గా తొడగలేకపోయాయి.

"నీ మీద గౌరవంతోనే చేశామమ్మా," అన్నాడు చివరికి, తప్పు చేసిన పిల్లవాడిలా.

"తెలుసు బాబాయ్," అంది. నిజానికి ఆ సంగతి ఆమెకు తెలిసి అప్పటికి నిమిషం కూడా కాలేదు.

*

ఇంటికెళ్లి చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి వెళ్లి పట్టీల కట్ట తీసింది. వదిన మేకుకి గుచ్చి పెట్టిన పాత జాబితాలు కూడా తీసింది.

"ఏం పోయింది?" అంది వదిన.

"ఏం పోలేదు. ఉండు."

నేల మీద కూర్చుని పట్టీలు ఒక్కొక్కటే బోర్లా పరిచింది. ఉప్పు, సబ్బులు, ఉల్లిపాయలు, అన్నయ్య మాత్రలు. వాటి మధ్యా పక్కనా, తన సిరా అక్షరాల కింద నలిగిపోయి, సన్నటి పెన్సిల్ అంకెలు. కొన్ని పెద్దవి, కొన్ని గజిబిజివి. ఎడమకి వాలినవి ఆమె వేరు చేసింది. పద్నాలుగు, ముప్ఫై ఒకటి, యాభై రెండు, డెబ్భై. నూటపన్నెండు, పక్కన ఉల్లిపాయలు. ఒక పట్టీలో తొంభై దగ్గర మూడుసార్లు అదే అంకె ఉంది. మూడు రోజులు ఆ పేజీ దాటలేకపోయిందేమో, అలిసిపోయి. చివరి అంకె ప్రతిసారీ పుస్తకంలోని చివరి పేజీయే అయి ఉంటుంది.

వదిన కూడా పక్కన చతికిలపడింది. కొంచెంసేపు చూసింది. ఉల్లిపాయల పట్టీ చేతిలోకి తీసుకుంది.

"ఇవి ఏంటే?"

"చదివారు వదినా. అందరూ చదివారు. నా చేతిలోనే ఉన్నాయి ఇన్నాళ్లూ. తిరగేసి సబ్బులు రాసుకున్నాను."

వదిన ఆమె సంచి భుజం మీంచి తీసి పక్కన పెట్టింది. ఫ్లాస్కులో టీ పారబోసి, పొయ్యి వెలిగించి, రెండు గ్లాసులకి నీళ్లు పెట్టింది.

*

పెద్ద మేడమ్ వయసులో దారాలక్క కంటే పదిహేనేళ్లు చిన్నది. శుక్రవారం ఉదయం జవాబు మొదటి పేరా తలాడిస్తూ చదివింది. రెండో పేరా దగ్గర ఆగింది. పైకి చదివింది.

"'అమ్మా, ఈ ఖర్చులన్నీ ఇంతకు ముందూ ఉన్నాయి. కొత్తగా వచ్చింది ఒక్క వాక్యం. తెప్పించిన పుస్తకాలు చదవడం లేదని నేను రాశాను. అది నిజం కాదు. మీరు చదివారు. నేను మెట్లెక్కి వచ్చి చూడలేదు.'" కాగితం బల్ల మీద పెట్టింది. "ఇది బోర్డులో పెడితే తప్పు ఒప్పుకున్నట్టు ఉంటుంది కదండీ."

"ఒప్పుకున్నట్టు కాదు మేడమ్. ఒప్పుకోవడమే."

"కమిటీ తీర్మానం అది. నేనొక్కదాన్నే తియ్యలేను. మూడు నెలల దాకా వాళ్లు కూర్చోరు. కూర్చున్నా, పోస్టు ఖర్చు నిజమే కదా అంటారు."

"నిజమే. అది నిజం కాబట్టే పెట్టామని రాస్తే నాకు అభ్యంతరం లేదు. వాళ్లు చదవరు కాబట్టి పెట్టామని మాత్రం ఉండకూడదు." దారాలక్క సంచిలోంచి పట్టీలు తీసి బల్ల మీద పెట్టింది, ఉల్లిపాయల వైపు పైకి వచ్చేలా. "ముప్ఫై తొమ్మిదిలో ఇరవై ఎనిమిది దొరికాయి. మిగతావి కొట్టులోనే వదిలేశాం."

పెద్ద మేడమ్ ఒక్కొక్క పట్టీ తీసి అంకెలు చూసింది. తర్వాత తనలో తను అనుకున్నట్టు అంది: "మీ వాక్యాన్ని ఇంకో ఆరు గ్రంథాలయాలకి పంపాను. బాగా చెప్పారనిపించి."

దారాలక్క లెక్కపెట్టుకుంది. ఆరు చోట్ల ఆరు హాళ్లు. ఎవరెవరో, ఏ కుర్చీలో.

"వాళ్లకీ ఇది పంపండి మేడమ్."

"పంపాలి." కలం మూత తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసింది. "మీరు సంతకం పెట్టండి. కింద నేనూ పెడతాను. నమ్మి చదివింది నేను కదా."

కిందికి వచ్చాక మిగిలింది పుస్తకం. ఆ రోజే కట్టి పంపాలి. రుసుము తనే కట్టేస్తే అనే ఆలోచన బుధవారం నుంచీ ఉంది. కడితే రేపు ఆ ఆవిడ ఇంకో పుస్తకం అడుగుతుంది, దానికీ రుసుమే, సర్క్యులర్‌లోని ఆ వాక్యమూ అలాగే గోడ మీద ఉంటుంది, పైగా ఎవరో జాలిపడ్డారనే కొత్త బరువొకటి. వద్దనుకుంది. ఫోను తీసి, ఇన్నేళ్లలో ఎప్పుడూ చెయ్యని నంబరుకి చేసింది. అవతల గ్రంథాలయంలో పార్సిళ్లు కట్టే మనిషి ఎత్తాడు.

"గడువు పొడిగించాలండీ. మంచు పుస్తకం."

"ఎవరూ, ముడి కొయ్యకుండా విప్పే ఆవిడేనా?" బొంగురు గొంతు నవ్వింది. "నా దారం మళ్లీ నాకే వస్తుంది మీ దగ్గర్నుంచి. గుర్తుపడతాను."

"మీరు రెండు చుట్లు తిప్పి ముడేస్తారు. గోరు విరుగుతుంది."

"ఇకనుంచి ఒక చుట్టు వేస్తాలెండి. ఎవరి పేరు మీద పొడిగించమంటారు?"

సిబ్బందికి ఏడాదికొక పుస్తకం రుసుము లేకుండా తెప్పించుకునే హక్కు ఉంది. ఈ గదిలో ఉన్నన్నాళ్లూ ఆమె దాన్ని వాడుకోలేదు. వేల పుస్తకాలకి పట్టీ వేసింది, ఒక్కదాని మొదటి పేజీ తిప్పలేదు.

"నా పేరు మీద," అంది. "చదవడానికి."

రెండు వారాలు ఇచ్చాడు. ఉత్తరం చివర ఆమె ఇంకో మాట చేర్చింది: 'పుస్తకం హాలు బాబాయ్ బల్ల వెనక షెల్ఫులో ఉంటుంది. ఈ రెండు వారాలూ అది నా పుస్తకం, హాల్లో ఎవరైనా చదువుకోవచ్చు.' కవరు అంటించి లిఫ్టులో పెట్టి పైకి పంపింది.

*

శనివారం నాలుగింటికి ఆ పుస్తకాన్ని లిఫ్టులో పెట్టకుండా చేత్తో పట్టుకుని మెట్లెక్కింది. తెరుచుకోని కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. దాని పక్క కుర్చీలో కూర్చుంది. బొటనవేలు తడి చేసుకుని పట్టీ లాగింది. తను వేసిన జిగురే, ఎంత గట్టిగా వేసిందో అప్పుడు తెలిసింది.

చదవడం అలవాటు తప్పింది. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతోంది. నది గడ్డకట్టాక మొట్టమొదట దాటే మనిషి గురించి ఉంది అందులో. మంచు ఎక్కడ బరువు ఆపుతుందో చూసుకుంటూ, అడుగడుక్కీ ఒక చెట్టుకొమ్మ పాతుకుంటూ వెళ్తాడట. తర్వాత వచ్చేవాడు ఆ కొమ్మల వెంట నడుస్తాడట. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోనక్కర్లేదు. అయిదున్నరయింది. తలుపు చప్పుడైనప్పుడల్లా చూపు లేచేది. ఎవరెవరో వచ్చారు. పక్క కుర్చీ ఖాళీగానే ఉంది. ఉత్తరం ఇంకా చేరి ఉండదు. చేరినా రావాలని ఏముంది? ఏడింటికి పట్టీ లోపల పెన్సిల్‌తో పదిహేడు అని వేసి, తొడిగి, షెల్ఫులో పెట్టింది.

"ఏమ్మా, ఎలా ఉంది?" అన్నాడు హాలు బాబాయ్, హాలు చీటీల పుస్తకంలో ఆమె నంబరు రాసుకుంటూ. కొత్త పుస్తకం. మొదటి పేజీ.

"చలిగా ఉంది బాబాయ్."

సోమవారం ఆమె పైకి వెళ్లలేదు. పక్కన ఒకరు ఎదురుచూస్తూ కూర్చుంటే ఎవరూ చదువుకోలేరు. నాలుగింటికి వెనక గుమ్మంలోంచే ఇంటికి వెళ్లింది. వదిన ఏమీ అడగకుండా రెండు గ్లాసుల్లో టీ పోసింది.

మంగళవారం మెట్లెక్కేసరికి హాలు బాబాయ్ బల్ల దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆమెకి కళ్లతోనే షెల్ఫు చూపించాడు. పుస్తకం నిటారుగా ఉంది. పట్టీ బిగుతుగా, ఎక్కడా చిరక్కుండా, వేసింది వేసినట్టే ఉంది. ఇన్నేళ్లూ చూసిన పట్టీయే.

అక్కడే నిలబడి మెల్లగా కిందికి లాగింది. వెలుతురు వైపు తిప్పింది. పదిహేడు కింద, ఎడమకి వాలి, సన్నగా: నలభై మూడు.

ఒక్క సాయంత్రంలో నలభై మూడు. దారాలక్క హాలు మొత్తం ఒకసారి చూసింది. నాలుగున్నరే. తెరుచుకోని కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఇంకో గంటకి నిండుతుందేమో, నిండకపోవచ్చు కూడా. పక్క కుర్చీ జరుపుకుని కూర్చుని, పద్దెనిమిదో పేజీ తీసి, త్వరత్వరగా చదవడం మొదలుపెట్టింది. ముందు నడుస్తున్న మనిషి చాలా దూరం వెళ్లిపోయింది.